దేవుడు లేని అక్క

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి పంపే లాండ్రీ. పై అంతస్తులో, కిటికీ పక్కన, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే దుప్పటికి చెరో చివర పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడకి యాభై దాటాయి, రెండో ఆమెకి ముప్పై నిండలేదు. భోజనాల వేళ ఇంకా కాలేదు.

"లాగవే తల్లీ, లాగు. దుప్పటి పట్టుకున్నావా, నిద్రపోతున్న పిల్లిని పట్టుకున్నావా?"

"లాగుతూనే ఉన్నాను కదక్కా."

"ఏం లాగడం! నా వైపు బిగుసుకుపోయింది, నీ వైపు ఉయ్యాలలా వేలాడుతోంది. పొద్దున్నుంచీ చూస్తున్నా, ఒక్క దుప్పటికీ కొసలు కలవలేదు. ఇంట్లో మీ ఆయనతో గొడవా?"

"లేదు."

"అత్తగారితోనా?"

"లేదక్కా, ఎవరితోనూ లేదు."

"ఇద్దరితోనూ లేకపోతే ఇక మిగిలింది మీ దేవుడే. ఆయనతో ఏమైనా చెడిందా?"

"అక్కా, నీకు దండం పెడతాను. ఇవాళ దేవుడి జోలికి పోకు."

"నేనెక్కడ పోయానే? ఆయన జోలికి నేను పోను, నా జోలికి ఆయన రాడు. ఏళ్ళ తరబడి ఇద్దరం మర్యాదగా దూరంగా ఉంటున్నాం. రా, ముందుకి రా. కొస ఇటివ్వు... ఆ. ఇంకోటి తియ్యి."

"నీకేం, హాయి. దేవుడు లేని అక్క అని పేరు పెట్టి నవ్వుకుంటారు, వదిలేస్తారు."

"హాయే మరి. పండగ ఖర్చు లేదు, పక్కింటివాళ్ళతో మా దేవుడు గొప్పంటే మా దేవుడు గొప్పనే పేచీ లేదు. టైమెంతైంది?"

"ఇంకా కాలేదు."

"కాలేదా, కానివ్వవా? రోజూ ఈపాటికి చేతులు కడుక్కుని ఆ అలమరల వెనక్కి పరిగెత్తేదానివి. నేనిక్కడ ఒక్కదాన్నీ దిండు కవర్లు మడతేసుకుంటూ నీ గొణుగుడు వినేదాన్ని."

"ఇవాళ వెళ్ళను."

"ఏం, దేవుడికి సెలవా?"

"అక్కా!"

"సరే సరే. నోరు కుట్టేసుకున్నా."

"థాంక్స్."

"ఎందుకు వెళ్ళవు?"

"నోరు కుట్టుకున్నానన్నావ్!"

"కుట్లు వదులుగా పడ్డాయి. చెప్పు."

"పొద్దున సూపర్‌వైజర్ పిలిచాడు."

"గడియారమా? ఎన్నిసార్లు చేతికేసి చూసుకున్నాడు?"

"ఒక్కసారి కూడా చూసుకోలేదు. అందుకే భయమేసింది. చాలా మర్యాదగా మాట్లాడాడక్కా. కూర్చోమన్నాడు."

"కూర్చోమన్నాడా! నేను పనిలో చేరి ఇన్నేళ్ళైంది, ఆ గదిలో రెండో కుర్చీ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. ఊఁ, తర్వాత?"

"'పాపం, ప్రార్థన చేసుకోవడానికి నువ్వు అలమరల వెనక దాక్కోవాల్సి వస్తోంది, చూస్తుంటే నాకే బాధగా ఉంది' అన్నాడు."

"కళ్ళు తుడుచుకున్నాడా?"

"నువ్వు వింటావా, వినవా?"

"వింటున్నా, వింటున్నా."

"'కింద తడి గదిలో మీ వాళ్ళే ఉన్నారు కదా. వాళ్ళతోపాటు ఉంటే అందరూ కలిసి ఒకేసారి చేసుకోవచ్చు. నీకూ సౌకర్యం, మాకూ సౌకర్యం' అన్నాడు."

"తడి గదికా?"

"ఊఁ."

"నిన్నా?"

"ఊఁ అంటున్నా కదా."

"ఆ ఆవిరిలోకా? మొన్న బుట్ట దింపడానికని కింది మెట్టు దాకా వెళ్ళి, పిల్లికూతలు కూస్తూ పైకొచ్చావు. వీపు రాసీ రాసీ నా చెయ్యి పడిపోయింది!"

"చెప్పాను. మందు పీల్చే డబ్బా కూడా తీసి చూపించాను. 'అలవాటైపోతుందిలే' అన్నాడు."

"అలవాటైపోతుందట! రక్తాలూ చీములూ అంటిన దుప్పట్లు వేడినీళ్ళలో ముంచీ ముంచీ చేతులు పుండ్లుపడ్డవాళ్ళు అక్కడున్నారు, వాళ్ళని అడగమను ఎప్పటికి అలవాటవుతుందో. అయినా మీ దేవుడు ఆవిరి పడితేగానీ వినడని ఈయనకెవరు చెప్పారు?"

"నవ్వించకక్కా, ఏడుపొస్తోంది."

"రెండూ కలిపి కానిచ్చెయ్యి. దుప్పటి మీద మాత్రం పడనీకు, మళ్ళీ ఉతకాలి. ఏడుస్తున్నావా?"

"లేదు. కంట్లో దుమ్ము పడింది."

"ఉతికిన దుప్పట్లో దుమ్మేంటే? గడియారం వింటే మనిద్దర్నీ ఉతికి ఆరేస్తాడు."

"ఇస్త్రీ చేసే పెద్దమ్మని పోయిన నెల దింపాడు. తర్వాత చిరుగులు కుట్టే అమ్మాయిని. ఇప్పుడు నన్ను. పైన మా వాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే."

"ఊఁ."

"ఏంటి ఊఁ?"

"ఊఁ అంటే ఊఁ. వాళ్ళిద్దరికీ సౌకర్యమనే చెప్పాడు. దిగినవాళ్ళు ఒక్కరు కూడా మళ్ళీ పైకి రాలేదు. సౌకర్యం మరీ ఎక్కువైపోయి కదల్లేకపోతున్నారేమో."

"నేను నాలుగు నిమిషాలు పక్కకి వెళ్తే పని ఆగిపోయిందంటాడు. డ్రైవర్లు గంటకోసారి సిగరెట్టుకి వెళ్తారు, వాళ్ళని ఏమీ అనడే?"

"సిగరెట్టుకి మతం లేదు కదే."

"టీ కూడా మానేశాను. ఆ టైమే దీనికి వాడుకుంటున్నాను."

"నీ టీ నేను తాగుతున్నానుగా, నాకు తెలీదూ? ఇప్పుడు నిన్ను కిందికి పంపితే నా రెండో టీ గంగలో కలిసినట్టే. ఇది ఇక నీ ఒక్కదాని సమస్య కాదు."

"నీకు కొత్త జోడీని ఇస్తాడట. చెప్పాడు."

"ఎవర్ని?"

"ఫోన్ చూసుకుంటూ తిరిగే ఆ పొడుగు పిల్ల ఉందే, ఆమెని."

"అమ్మబాబోయ్! ఆ పిల్ల ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఒక చేత్తో దుప్పటి లాగుతుంది. నలుగురు పడుకోవాల్సిన దుప్పటి మడతేస్తే జేబురుమాలంత అవుతుంది. లేదు లేదు, ఇది మరీ అన్యాయం. మీ ఇంట్లో ఏమన్నారు?"

"ఆ గదిలోంచి బయటికి రాగానే ఫోన్ చేసి మా ఆయనకి చెప్పాను. సర్దుకుపో అన్నాడు."

"ఆయన ఊపిరితిత్తులు కాదుగా. మీ అత్తగారు?"

"పక్కనుండి ఫోన్ లాక్కుని, 'వాడి మొహాన దుప్పటి కప్పి వచ్చెయ్యి' అంది."

"ఆవిణ్ణి ఇక్కడ పనిలో పెట్టుకుంటే బాగుండేది."

"నేనొకటి అనుకున్నానక్కా."

"అను."

"కాసేపట్లో పైకొస్తానన్నాడు, నా మాట చెప్పమన్నాడు. ప్రార్థన మానేశానని చెప్పేస్తా."

"మానేశానంటే ఊరుకుంటాడా? మానేసినా నువ్వు మీ వాళ్ళలోదానివేగా."

"అసలు నమ్మకమే పోయిందంటా. దేవుడూ లేడు, మతమూ లేదు, నన్నిక్కడే ఉండనివ్వండి సార్ అంటా. నీలాగా."

"నాలాగా?"

"నీలాగానే. నిన్నెవరైనా ఎప్పుడైనా ఏమైనా అన్నారా? లేదు కదా. ఇంట్లో నా మానాన నేను చేసుకుంటా. నా మనసు దేవుడికి తెలియదా ఏంటి?"

"దుప్పటి కింద పెట్టు."

"ఏమైంది?"

"పెట్టవే. బల్ల మీద పెట్టు. ఇంట్లో చేసుకుంటావు, సరే. మొదటి నెల చేసుకుంటావు. తర్వాత ఇక్కడ పనిచేసే ఎవరో మీ వీధిలోకి అద్దెకొస్తారు. కిటికీ మూసుకుని చేసుకుంటావు. తర్వాత నీ కూతురు బడిలో వాగేస్తుందేమోనని దానికి నేర్పడం మానేస్తావు. తర్వాత మీ వాళ్ళ పెళ్ళికి పిలుస్తారు, ఒంట్లో బాగాలేదంటావు. చావుకి పిలుస్తారు, దానికీ ఒంట్లో బాగాలేదంటావు. ఆఖరికి నీకు నిజంగా ఒంట్లో బాగాలేనప్పుడు, ఏ పేరు పెట్టి పిలవాలో తెలియక గోడకేసి చూస్తూ పడుకుంటావు."

"బాబోయ్, పక్కనే ఉండి చూసినట్టు చెప్తున్నావే!"

"ముసలిదాన్ని. ఊహించగలను."

"నువ్వసలు నమ్మవు కదా, నీకెందుకక్కా ఇంత కోపం?"

"నమ్మనివాళ్ళకి కోపం రాకూడదని రాసుందా ఎక్కడైనా? నమ్మడం నీ ఇష్టం, నమ్మకపోవడం ఇంకొకరి ఇష్టం. ఈ రెండిట్లో గడియారం ఇష్టం ఎక్కడుంది మధ్యలో?"

"చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళు?"

"చిన్నప్పుడు మా ఇంట్లో ఏడుగురు పిల్లలం. మా అమ్మకి మమ్మల్ని లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయేది."

"అబ్బా, నిజం చెప్పక్కా."

"ఆ చివర ముడత పడింది, సరిచెయ్యి."

"ఎప్పుడడిగినా ఇంతే. ముడతో, మరకో, ఏదో ఒకటి వచ్చి పడుతుంది."

"వస్తాయి మరి, లాండ్రీ కదా. ఊఁ, ఇక వెళ్ళి చేతులు కడుక్కో. టైమైంది."

"ఇవాళా? ఆయన వస్తానన్నాడని చెప్పానుగా!"

"రానీ. అలమరల వెనక్కి కూడా వద్దు. ఇక్కడే, కిటికీ దగ్గర చేసుకో. గాలొస్తుంది. తొందరపడకు. నిన్న మధ్యలో రెండు మాటలు మింగేశావు."

"నువ్వు అంత శ్రద్ధగా వింటున్నావా!"

"చెవులకి తలుపులుంటే వేసుకునేదాన్ని. వెళ్ళు."

"నాకు భయమేస్తోందక్కా. నిజంగా చెప్తున్నా. కిందికి పంపితే నేను నెల కూడా బతకను. పంపకుండా ఉండాలంటే ఈ ఒక్క అబద్ధం చెప్పాలి. పోనీ చెప్పేస్తా. దేవుడు క్షమిస్తాడు."

"దేవుడు క్షమిస్తాడేమోనే. నిన్ను నువ్వు... ష్! మెట్ల మీద బూట్ల చప్పుడు. వస్తున్నాడు."

"ఏమ్మా, పని ఆగినట్టుందే? దుప్పటి బల్ల మీద పడుంది?"

"చల్లారబెట్టాం సార్. వేడి మీద మడతేస్తే గీతలు పడతాయి."

"మీతో కాదక్కా. అమ్మాయ్, ఆలోచించుకున్నావా?"

"సార్, అదీ... నేను..."

"చెప్పమ్మా, భయమెందుకు? నీ మంచికే కదా."

"నేనింక ప్రార్థన..."

"సార్, నేనొక మాట అడగొచ్చా?"

"అక్కా, మీరు కాసేపు—"

"ఒక్కటే సార్. ఈ పిల్లని కిందికి ఎందుకు పంపుతున్నారు? పని సరిగ్గా రాదనా?"

"ఛ ఛ. పనికి వంక పెట్టడానికి లేదు."

"ఆలస్యంగా వస్తోందనా?"

"నాకంటే ముందే వస్తుంది."

"మరి?"

"సౌకర్యం కోసమక్కా. ఆమె మతంవాళ్ళు కింద ఉన్నారు. అందరూ ఒకచోట ఉంటే వాళ్ళకే బాగుంటుంది. ఇందులో వివక్ష ఏమీ లేదు."

"వివక్ష అని నేననలేదు సార్. మీరే అన్నారు."

"ఎవరైనా అంటారేమోనని ముందే చెప్తున్నా."

"మంచిది. అయితే ఆ మతంవాళ్ళందరికీ ఈ సౌకర్యం ఉన్నట్టేగా?"

"అందరికీ. నాకు ఎవరి మీదా పక్షపాతం లేదు."

"అయితే నన్నూ దింపండి."

"మిమ్మల్నా? ఎందుకు?"

"నాదీ ఆ మతమే."

"హహహ! అక్కా, మీరు భలేవారే. దేవుడు లేని అక్క అని గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చెప్తాడు మీ గురించి."

"పాపం, వాచ్‌మన్‌కి కొత్త వార్త ఇంకా అందలేదేమో."

"సార్, ఆవిడ ఊరికే అంటోంది. నాకోసం. అక్కా, వద్దు, ఆ ఆవిరి నీకు మాత్రం పడుతుందా? సార్, ఆవిడ మాటలు—"

"నువ్వు నోర్మూసుకోవే. పెద్దవాళ్ళు మతం గురించి మాట్లాడుకుంటున్నారు."

"మీరిద్దరూ కూడబలుక్కున్నారు. నాకు టైం లేదు, చాలా పనులున్నాయి."

"చూసుకోండి సార్, గడియారం చూసుకోండి. మాకేం అభ్యంతరం లేదు."

"మీరు కిందికి పోతే ఈ సెక్షన్ ఎవరు చూసుకుంటారు? కొత్తవాళ్ళకి పని నేర్పేదెవరు?"

"అది మీరు ఆలోచించుకోవాలి సార్. నాకు నా సౌకర్యం ముఖ్యం."

"సరే. అంతగా మీదీ ఆ మతమే అయితే, ఆ ప్రార్థనేదో చెప్పండి. ఇప్పుడే, ఇక్కడే. చూద్దాం."

"సార్, అది అలా పరీక్ష పెట్టి అడిగేది కాదు సార్."

"నువ్వాగమ్మాయ్. ఆవిడే కదా అంటోంది నాదీ అదేనని."

"చెప్తాను సార్. చేతులు కడుక్కోవాలి. పిల్లా, ఆ కుళాయి తిప్పు."

"అక్కా, నీకు రాదు. పరువు పోతుంది. వదిలెయ్యి."

"తిప్పవే. ఇంకొంచెం. ఆ, చాలు."

"ఊఁ, కానివ్వండి."

"పగలు నీది, రాత్రి నీది. పనిచేసే చేతులు నీవి, చేయించే బలం నీది. నా గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి నీళ్ళివ్వగలిగేలా నన్నుంచు. నా మాటకి ఎవరి కళ్ళైనా తడిస్తే, ఆ తడి నాకు తెలిసేలా చెయ్యి. నేను దారి తప్పితే వెతుక్కుంటూ రా."

"ఊఁ. తర్వాత?"

"......"

"తర్వాతేంటక్కా? ఆగిపోయారే?"

"......"

"మర్చిపోయారు! నాకు తెలుసు. చూశావా అమ్మాయ్, రోజూ నువ్వు గొణుగుతుంటే విని బట్టీ పట్టింది. చివరికొచ్చేసరికి—"

"సార్, అక్కతో మాట్లాడకండి."

"ఏంటి?"

"ఒక్క క్షణం మాట్లాడకండి సార్. దయచేసి."

"......"

"అయింది సార్. ఇక మీరు మాట్లాడొచ్చు."

"ఎక్కడైంది? సగంలో ఆపేసి అయిందంటే ఎలా? అమ్మాయ్, నువ్వు చెప్పు. నీ దేవుడి మీద ఒట్టేసి మరీ చెప్పు. ఆవిడ చెప్పింది సరిగ్గా ఉందా?"

"ఉంది సార్."

"మొత్తం?"

"మొత్తం. ఎక్కడా తప్పులేదు."

"ఏంటా గొంతు? ఏడుస్తున్నావెందుకు?"

"దుమ్ము సార్. ఉతికిన దుప్పట్లో దుమ్ము."

"ఇద్దరూ కలిసి నన్ను ఆడిస్తున్నారు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఏముంది సార్, ఇద్దర్నీ దింపండి. దింపేముందు మాత్రం ఇక్కడున్న ఆడవాళ్ళందర్నీ పిలిచి, ఎందుకు దింపుతున్నారో పైకి చెప్పండి. సౌకర్యం అనే మాట వాడకుండా చెప్పండి."

"అదేంటి, ఆ మాటకేమైంది?"

"వాడీ వాడీ అరిగిపోయింది సార్. కొత్త మాట ఏదైనా ఉంటే చెప్పండి, వింటాం."

"సరే సరే. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. ఎవరూ ఎక్కడికీ దిగక్కర్లేదు. సరేనా?"

"ఇస్త్రీ పెద్దమ్మ?"

"ఆవిడ సంగతి వేరే."

"ఆవిడకి కీళ్ళనొప్పులు సార్. తడి పడదు. ఆ కుట్టే పిల్ల కింద సూదికి బదులు బకెట్టు పట్టుకుంటోంది."

"చూస్తానన్నాను కదా!"

"అనలేదు సార్. ఇప్పుడే అన్నారు. సంతోషం."

"ముందు ఆ దుప్పటి మడతెయ్యండి. మధ్యాహ్నం బండికి వెళ్ళాలి."

"అలాగే సార్. మెట్లు జాగ్రత్త... పోయాడా?"

"పోయాడు. తల పట్టుకుని పోతున్నాడు. విని బట్టీ పట్టిందనే అనుకుంటున్నాడు ఇప్పటికీ."

"అనుకోనీ. దుప్పటి అందుకో. ఈసారైనా గట్టిగా లాగు."

"అక్కా."

"ఊఁ."

"ఈసారి నీ వైపే వదులుగా ఉంది."

"దుప్పటి బరువుగా ఉంది."

"పిల్లల మంచం దుప్పటి అది. అక్కా, నేను రోజూ చెప్పేది విన్నావు, సరే. నేను మింగేసిన మాటలు కూడా పట్టుకున్నావు, సరే. నీ జ్ఞాపకం అలాంటిది అనుకున్నాను."

"కొస ఇటివ్వు."

"ఇవ్వను. ముందు చెప్పు. చివరి వాక్యం మేము పైకి అనం. మనసులోనే అనుకుంటాం, పెదవి కూడా కదపం. అక్కడింకో వాక్యం ఉందనే బయటివాళ్ళెవరికీ తెలీదు. నా గొణుగుడు విన్నవాళ్ళకి అంతకుముందు మాటతోనే అయిపోయిందనిపిస్తుంది. నువ్వు కళ్ళు మూసుకుని, సరిగ్గా ఆ వాక్యం పట్టేంతసేపు ఆగావు. నా దగ్గర అదెలా నేర్చుకున్నావక్కా?"

"నీ దగ్గర నేర్చుకున్నానని నేనెప్పుడన్నానే?"